రెండో సగం రాసుకున్నాకే కొబ్బరికాయ కొట్టండి: తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు కావలి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు చలనచిత్ర నిర్మాతలకు, దర్శకులకు, కథా రచయితలకు నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా కావలిలో ఒక సినిమా హాలుకు మేనేజరుగా పనిచేస్తున్నాను. 1983లో, పక్కనున్న ప్రకాశం జిల్లా బిడ్డ టి. కృష్ణ గారి 'నేటి భారతం' వచ్చిన ఏడాది, ఆపరేటర్ దగ్గర సహాయకుడిగా ఈ పనిలో చేరాను. అప్పట్లో రీళ్ల పెట్టె బస్సు టాపు మీద వచ్చేది. "పెట్టె వచ్చిందా?" అని ఊళ్లో పొద్దుటి నుంచే అడిగేవాళ్లు. కార్బన్ కడ్డీలు మార్చుకుంటూ, తెగిన ఫిల్మును అతికించుకుంటూ ఆటలు నడిపిన రోజులు చూశాను; ఇప్పుడు ఆకాశం నుంచి దిగి సర్వర్‌లో కూర్చునే సినిమాను కూడా చూస్తున్నాను. నలభై ఏళ్లకు పైగా నా అన్నం సినిమా పెట్టినదే. అందువల్ల ఈ లేఖలో మీకు నొప్పి కలిగించే మాట ఎక్కడైనా ఉంటే, అది ఇంటి మనిషి అన్న మాటగానే తీసుకోవాలని ముందుగా వేడుకుంటున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ నాలుగైదేళ్లలో వచ్చిన పెద్ద సినిమాలలో చాలావాటికి మొదటి సగం మాత్రమే రాసి ఉంటోంది. రెండో సగం షూటింగులో, ఎడిటింగ్ గదిలో, ఒక్కోసారి విడుదలైన తరువాత కూడా వెతుక్కుంటున్నారు. అది దొరకలేదన్న సంగతి మొట్టమొదట తెలిసేది హాలు వెనక తలుపు దగ్గర నిలబడే నాబోటి వాళ్లకు.

ఆ తలుపు దగ్గర నేను చూసేదేమిటో చెబుతాను. విశ్రాంతి తరువాత లైట్లు ఆర్పి, అందరూ కూర్చున్నాక, నేను తెర వైపు చూడను. జనం వైపు చూస్తాను. కథ పట్టు మీద ఉన్నంతసేపు హాలంతా ఒకటే చీకటిగా ఉంటుంది. తెర వెలుగు ముఖాల మీద ఆడుతూ ఉంటుంది, అంతే. పట్టు జారిన క్షణాన ఎక్కడో బాల్కనీలో ఒక సెల్‌ఫోన్ వెలుగుతుంది. తరువాత దాని పక్కన ఇంకొకటి. పోయినేడాది ఒక పెద్ద సినిమాకు, పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, మొదటి ఆదివారం ఫస్ట్ షోలో విశ్రాంతి అయిన ఇరవై నిమిషాలకు పదకొండు ఫోన్లు లెక్కపెట్టాను. నలభై నిమిషాలకు లెక్క తప్పిపోయింది. పసిబిడ్డను భుజాన వేసుకున్న ఒక తల్లి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది, "ఉక్కగా ఉందామ్మా లోపల?" అని అడిగితే, "లేదన్నా, బిడ్డ నిద్రపోయింది, ఇక్కడైతే గాలి తగులుతుందని" అంది. ఆమె మళ్లీ లోపలికి వెళ్లలేదు. భర్త, పెద్దకొడుకు బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆ సినిమాకు మొదటి సగంలో హాలు కేకలతో దద్దరిల్లింది. సోమవారం మార్నింగ్ షోకు మా సిబ్బందిని మినహాయిస్తే ముప్పై మంది లేరు.

ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. మీలో కొందరు బహిరంగంగా ఒప్పుకున్నదే నాకు ఆధారం. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 'ఏజెంట్' నిరాశపరిచిన తరువాత, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా సినిమా మొదలుపెట్టడం తాము చేసిన పెద్ద పొరపాటని దాని నిర్మాతే ప్రకటించారు. ఆ నిజాయతీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను, ఎందుకంటే తెలుగులో అలా చెప్పినవారు అరుదు. 2022లో వచ్చిన 'ఆచార్య'కు కథానాయికగా ప్రకటించి, కొన్నాళ్లు షూటింగ్ కూడా చేసిన నటి పాత్రను చివరికి తీసేశామని దర్శకుడే చెప్పారు. ఆ పాత్ర ఆ కథలో ఇమడదన్న సంగతి కెమెరా తిరిగాక తెలిసిందంటే, కాగితం మీద దానికి ఎంత ఆలోచన జరిగిందన్నది నాకు అర్థం కాని విషయం. ఆ సినిమా కోసం ధర్మస్థలి అనే ఊరినే కట్టి నిలబెట్టారు గదా! ఆ సెట్టు చూసిన మా ఆపరేటర్, "గాలిగోపురం మీద చెక్కడాలు చూడన్నా, ఎంత పని చేశారో" అని ఆశ్చర్యపోయాడు. అంత పనిలో పదో వంతు ఆ ఊరి మనుషుల మీద పెట్టి ఉంటే ఆ సినిమా నిలబడేదని ఇప్పటికీ అనుకుంటాను.

2025 సంక్రాంతికి వచ్చిన 'గేమ్ ఛేంజర్' సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అందులో అప్పన్న పాత్ర వచ్చినంతసేపు మా హాల్లో ఒక్క ఫోనూ వెలగలేదు. నత్తితో మాట పెగలని మనిషి పార్టీ పెట్టి జనం మధ్యకు వెళ్లడం, ఆ మాటను అతని భార్య తన గొంతుతో అందుకోవడం, ఇవి కాగితం మీద నలిగి, రాటుదేలి వచ్చిన దృశ్యాలని చూస్తేనే తెలుస్తుంది. ఆ అరగంటకు ముందూ వెనకా ఉన్నది మాత్రం వేరే ఎవరో తీసినట్టు ఉంటుంది. తీసినది అయిదు గంటలకు పైగా వచ్చిందనీ, తగ్గించక తప్పలేదనీ దర్శకులు శంకర్ గారే విడుదల తరువాత చెప్పారు. రెండు మూడు గంటల సినిమాకు అయిదు గంటల దృశ్యాలు తీశారంటే, ఏది కావాలో ఏది అక్కర్లేదో ముందుగా ఎవరూ నిర్ణయించలేదనే గదా అర్థం. విడుదల రోజున ప్రింటులో లేని ఒక పాటను కొన్ని రోజుల తరువాత కలిపారు. ఆ మొదటి రోజుల్లో డబ్బు పెట్టి చూసినవారు తాము చూసినది ఏ సినిమా అనుకోవాలి?

అదే పండగకు, నాలుగు రోజుల తేడాలో, మన ప్రకాశం జిల్లాలో పుట్టిన అనిల్ రావిపూడి గారి 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. అదేమీ గొప్ప కళాఖండం అని నేను అనను. హాస్యం కొన్నిచోట్ల మోటుగా ఉంది. అయినా ఆ కథకు తాను ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో తెలుసు, కొద్ది నెలల్లోనే తీసి ముగించారు, పల్లెల నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. కాబట్టి ఓటీటీ వచ్చింది, జనం హాళ్లకు రావడం మానేశారు అన్న మాట నాకు చెప్పకండి. జనం వచ్చారు, ఆ జనానికి టికెట్లు చింపిచ్చింది మేమే.

ఇప్పుడు 'దేవర' గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే అది మా తీరం కథ. 2024 సెప్టెంబరు 27న అది విడుదలైనప్పుడు, ఆంధ్రా తమిళనాడు సరిహద్దు తీరంలో సముద్రం మీద బతికే నాలుగు ఊళ్ల కథ అని తెలిసి, జువ్వలదిన్నె వైపు నుంచి, రామాయపట్నం వైపు నుంచి పట్టపుపాలేల జనం, అంటే చేపలవేట మీద బతికే పల్లెలవాళ్లు, ఆటోలు కట్టుకొని వచ్చారు. మామూలుగా ఆ పాలేల మగవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధం ఉన్నప్పుడు సినిమాలకు వస్తారు. ఆ వారం వేట మానుకొని వచ్చారు. తమను తెర మీద చూసుకుందామని వచ్చారు. ఆ సినిమా బాగా ఆడింది, డబ్బులు కూడా వచ్చాయి, నేను కాదనను. నా ఫిర్యాదు దాని వసూళ్ల మీద కాదు.

దొంగ సరుకు కోసం సముద్రం మీదికి పోకూడదని ఒక మనిషి భయం పెట్టి ఊళ్లన్నిటినీ కట్టడి చేయడం ఆ కథకు గుండెకాయ. మా తీరంలో దానికి ఒక పేరుంది. పాలెం పెద్దలు, అంటే కాపులు, కూర్చొని ఒక మాట అనుకొని 'దురాయి' వేస్తారు. దురాయి పడ్డాక ఫలానా రోజున వేటకు పోకూడదన్నా, ఫలానా వల వేయకూడదన్నా ఊరంతా కట్టుబడాలి. తప్పినవాడికి తప్పు కట్టిస్తారు. దాని మంచీ చెడూ రెండూ ఈ తీరంలో అనుభవించినవాళ్లు వేలమంది ఉన్నారు. కడలూరు, నాగపట్నం వైపు నుంచి వచ్చే సోనా బోట్లు, అంటే పెద్ద మరపడవలు, మావాళ్ల వలలను కోసుకుంటూ పోతుంటే, దురాయికి కట్టుబడి ఒడ్డున కూర్చున్న కుర్రవాడి కడుపుమంట ఎలా ఉంటుంది? ఇంట్లో బియ్యం నిండుకున్న రాత్రి ఎవరైనా దొంగతనంగా పడవ దించితే, చూసిన పక్కింటివాడు పెద్దలకు చెబుతాడా, నోరు మూసుకుంటాడా? నిషేధం పెట్టిన మనిషిని మొదట దేవుడన్న ఊరు నాలుగేళ్లకు ఏమంటుంది? మొదటి సగం ఈ ప్రశ్నల గుమ్మం దాకా నడిపించింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. తరువాత ఏళ్లు గడిచిపోయాయని ఒక్క మాటతో దాటేసి, కొడుకు అమాయకత్వం నటించడం, పాటలు, ఒక కొట్లాట, చివరికి మిగతాది రెండో భాగంలో అన్నారు. ఆ ఏళ్లలో ఆ ఊళ్లు ఏం తిన్నాయో చెప్పలేదు.

ఆట వదిలాక ఒక పెద్దాయన, మా హాలుకు పాతికేళ్లుగా వచ్చే మనిషి, గేటు దగ్గర ఆగాడు. "ఎట్టుంది పెద్దాయనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "సముద్రాన్ని బాగానే జూపిచ్చారు సామీ. ఆ వలకి ఒక్క అతుకన్నా లేదు గదా, యాడన్నా ఒక్క ఆడమనిషి చాపలు అమ్మకపాయె గదా" అన్నాడు. కోపంగా అనలేదు. తన మనవడికి ఏం చెప్పాలో తెలియక అన్నట్టు అన్నాడు. వేటకు పోయివచ్చిన వల ఒడ్డు చేరగానే దాన్ని పరుచుకొని, చిరుగులు వెతికి, బొటనవేలికి తగిలించి లాగి అల్లుకోవడం ఆ పాలేల్లో ప్రతి సాయంత్రం కనిపించే పని. తట్ట నెత్తిన పెట్టుకొని కావలి మార్కెట్టుకు వచ్చే ఆడవాళ్లు లేకపోతే ఆ ఇళ్లలో పొయ్యి వెలగదు. సముద్రం కోసం నీళ్ల తొట్లు కట్టి, గ్రాఫిక్స్ చేయించిన మీరు ఒక్క వారం ఒక పాలెంలో ఉండి ఉంటే ఈ రెండూ ఖర్చు లేకుండా దొరికేవి. రెండో సగానికి కావలసిన కథ కూడా అక్కడే దొరికేది.

భాగాల సంగతి ఎత్తాను గనక అదీ చెప్పేస్తాను. 'హరిహర వీరమల్లు' 2020లో మొదలై, దర్శకులు మారి, 2025 జూలై 24న వచ్చింది. కోహినూరు వజ్రం కోసం గోల్కొండ నుంచి ఢిల్లీకి బయలుదేరిన వీరుడు ఔరంగజేబుకు ఎదురుపడిన చోట సినిమా అయిపోయింది. విడుదలైన కొద్ది రోజులకే విమర్శలు వచ్చిన గ్రాఫిక్స్ దృశ్యాలను కత్తిరించారు. 2023లో 'ఆదిపురుష్' సంభాషణలను కూడా విడుదల తరువాతే మార్చారు. రామాయణంలో హనుమంతుడు ఎలా మాట్లాడాలో తెలుసుకోవడానికి విడుదల దాకా ఆగాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇక కథకు రెండు భాగాలు ఉండటంలో తప్పు లేదు. 2015లో 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది గానీ, అప్పటికి యుద్ధం ముగిసింది, కొడుకు తల్లిని చేరుకున్నాడు, చూసినవాడికి ఒక సినిమా చూసిన తృప్తి మిగిలింది. ఇప్పుడు భాగం అనే మాట, రాయని సగాన్ని దాచుకునే అటకగా మారిపోయింది.

మీకు డబ్బు విషయం కూడా గుర్తు చేయక తప్పదు. 'గేమ్ ఛేంజర్' అర్ధరాత్రి దాటాక వేసిన ప్రత్యేక ఆటకు, 'వీరమల్లు' ముందురోజు ప్రీమియరుకు 600 రూపాయల టికెట్టుకు ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నారు. నలుగురున్న ఇంటికి 2,400 రూపాయలు. కలిగిరి నుంచో వింజమూరు నుంచో బండి మాట్లాడుకొని వచ్చే కూలి కుటుంబానికి అది ఎన్ని రోజుల కష్టమో మీకు నేను చెప్పాలా? వాళ్లు మొదటి రోజే వస్తారు, ఎందుకంటే మీ టీజరును, మీ ట్రైలరును, వేదిక మీద మీరు చెప్పిన మాటను నమ్మేది వాళ్లే.

ఒంగోలు, కొండపి వేలం కేంద్రాలకు పొగాకు తెచ్చే రైతులు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. బేలు పైన మేలురకం ఆకు పేర్చి లోపల నాసి ఆకు పెడితే, కొనేవాడు చెయ్యి లోపలికి పెట్టి ఒక కట్ట బయటికి లాగి చూస్తాడు. లోపల నాసిరకం కనబడితే ఆ బేలును కొనరు. రైతు దాన్ని మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. సినిమా చూసేవాడికి ఆ అవకాశం లేదు. అతను ముందు డబ్బు కట్టి, విశ్రాంతి దాకా పైఆకు చూసి, తరువాతే లోపలి ఆకు చూస్తాడు. వాపసు ఇచ్చే వీలు అతనికి లేనప్పుడు, లోపలి ఆకు బాధ్యత పూర్తిగా మీదే అవుతుంది.

సాంకేతిక హంగులలో లోపం ఉందని ఎవరూ అనలేరు. 2019లో సూళ్లూరుపేట దగ్గర 100 అడుగుల వెడల్పు తెర పెట్టి హాలు కట్టారు. అప్పటికి అది మా జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. అంత తెర మీద లోపం కూడా అంతే పెద్దగా కనబడుతుంది. ఆ సూళ్లూరుపేట పక్కనే మంగళంపాడులో సినీ రచయిత ఆచార్య ఆత్రేయ గారు పుట్టారు. రాయక నిర్మాతలను, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తారని ఆయన గురించి సినిమా రంగంలో ఒక మాట ఉండేది. దాన్ని అందరూ చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆనాటి నిర్మాతల సహనం కనబడుతుంది. ఆయన కలం కదిలేదాకా వాళ్లు ఎదురుచూశారు. ఆయన బదులు ఇంకొకరితో నాలుగు మాటలు రాయించుకొని షూటింగ్ కానిచ్చేయవచ్చు, అలా చేయలేదు. ఏ దృశ్యం ఎన్ని నిమిషాలు నడవాలో దర్శకులు కె.వి. రెడ్డి గారు ముందుగానే లెక్క వేసుకునేవారని పెద్దలు చెబుతారు. 1957లో వచ్చిన ఆయన 'మాయాబజార్' భారత కథే అయినా అందులో పాండవులు ఒక్కసారి కూడా కనబడరు, ఆ లోటు ఎవరికీ తోచదు. కథలో ఎవరు కావాలో ఎవరు అక్కర్లేదో అంత స్పష్టంగా తేల్చుకోవడం కాగితం దగ్గర జరిగే పని. ఎడిటింగ్ బల్ల దగ్గర అది సాధ్యం కాదు.

సగంలో ఆగిన కథను ఎలా పూర్తి చేయాలో నేర్పిన మనిషి కూడా ఈ నేల మీదే ఉన్నాడు. నన్నయ గారి భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. మా నెల్లూరి తిక్కన గారు విరాటపర్వం నుంచి అందుకొని పదిహేను పర్వాలు రాశారు. నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన గారు పూర్తి చేశారు. నన్నయ గారి శైలిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన గారి శైలిలోకి తీసుకువచ్చి, చదివేవాడి కాలికి గతుకు తగలకుండా ఇద్దరి మధ్యా వంతెన కట్టారు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు పద్యాలు అంతగా ఎక్కలేదు గానీ, రీలుకు రీలు అతికించే పనిలోకి వచ్చాక ఆ అతుకు విలువ తెలిసింది. మీ రెండో సగాలలో నాకు కనబడనిది అదే ఓర్పు.

చిన్న సినిమాలు ఆ ఓర్పును చూపిస్తున్నాయి. 2023 మార్చిలో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ మాట మా వైపు వాళ్లకు అర్థమవుతుందా అని మేము సందేహించాము. కాకి పిండం ముట్టే దృశ్యం దగ్గర మా హాల్లో ముసలివాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. 2025 మార్చిలో 'కోర్ట్' ద్వితీయార్ధమంతా దాదాపు ఒకే గదిలో, మాటల మీదే నడుస్తుంది, ఒక్కరూ లేవలేదు. అందులో నటించిన ఆ కుర్రవాడి పేరు కూడా మా ఊళ్లో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇక నేను అడిగేది ఇది. నిర్మాతల మండలిలో మీరంతా కూర్చొని టికెట్టు ధరల గురించి, ఓటీటీ గడువు గురించి ఎన్నో నియమాలు పెట్టుకుంటారు. చివరి దృశ్యం దాకా మాటలతో సహా రాసిన స్క్రిప్టు నిర్మాత బల్ల మీదికి చేరేవరకు కొబ్బరికాయ కొట్టకూడదని ఇంకొక నియమం పెట్టుకోండి. అది చేరేదాకా విడుదల తేదీ ప్రకటించకండి. తేదీ ముందు చెప్పి, దానికోసం కథను తరుముకుంటూ పోవడం వల్లే మీ రచయితలు ఊపిరాడక రాస్తున్నారని నా నమ్మకం. హీరో గారి డేట్ల కోసం ఏడాది ఆగుతున్నారు. రచయిత కోసం ఆరు నెలలు ఆగండి, ఆ ఆరు నెలలూ అతని ఇంటి ఖర్చు మీరే భరించండి. కథ పూర్తయ్యాక దాన్ని ముందుగా మీ కార్యాలయంలో వాళ్లకు గాక, సినిమా పనితో సంబంధం లేని పదిమందికి చదివి వినిపించండి. రెండు భాగాలుగా తీస్తే, మొదటి భాగం చూసినవాడికి ఆ రోజుకు ఒక కథ ముగిసేలా తీయండి. పోస్టరు మీద సినిమా పేరు ఎంత పెద్దగా రాస్తారో 'మొదటి భాగం' అన్న మాటా అంతే పెద్దగా రాయండి.

మా హాలులో వెనక తలుపు పక్కన ఒక పాత చెక్క కుర్చీ ఉంది. మీ తరువాతి సినిమా వచ్చినప్పుడు, నెల్లూరులోనో విజయవాడలోనో జరిగే సంబరాలు ముగిశాక, మొదటి ఆదివారం ఫస్ట్ షోకు కావలి రండి. రైలు దిగితే నడిచి వచ్చేంత దూరమే. ఎవరికీ చెప్పను, దండలు వేయించను. విశ్రాంతి తరువాత ఆ కుర్చీలో కూర్చొని, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నలభై నిమిషాలు చూడండి.

భవదీయుడు,
ఒక సినిమా హాలు మేనేజరు,
కావలి, నెల్లూరు జిల్లా.